పునుగు పిల్లి అని నేను రాసిన మానుపిల్లి

డెస్కులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను పిలిచి, మంచి హెడ్డింగ్ ఎలా పెట్టాలో చెప్పమంటారు. చెబుతాను. చెబుతున్నంతసేపూ నా మనసులో మాత్రం వేరే హెడ్డింగ్ ఒకటి మెదులుతుంటుంది. నా ఉద్యోగంలో అందరూ మెచ్చుకున్న హెడ్డింగుల్లో అది ముందు వరసలో ఉంటుంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మీరింకా ఈ పనికి కొత్త కాబట్టి ఆ కథ మీకే చెప్పాలి.

విజయవాడలో ఒక దినపత్రిక జిల్లా పేజీల డెస్కులో నేను సబ్ ఎడిటర్‌గా ఉండేవాణ్ణి. మండలాల నుంచి కంట్రిబ్యూటర్లు పంపే వార్తల్ని దిద్ది, పేరు పెట్టి, పేజీలో కూర్చోబెట్టడం మా పని. కంట్రిబ్యూటరంటే పొద్దున పూట ఎరువుల కొట్టో ట్యూషనో నడుపుకుంటూ, మధ్యాహ్నం నుంచి విలేకరి అయ్యే మనిషి. అతను ఊరిని చూసి రాస్తాడు. మేము ఊరిని చూడకుండా దిద్దుతాం. ఈ ఏర్పాటులో ఉన్న ప్రమాదం నాకు యాభై ఏడో ఏట తెలిసింది.

నాకో పిచ్చి ఉండేది. ఏ మాట ఎక్కడ పుట్టింది, ఏ ఓడెక్కి ఏ రేవులో దిగింది అన్నది చెప్పేదాకా నాకు టీ దిగేది కాదు. వినేవాళ్ళకు దిగేదో లేదో నేనెప్పుడూ అడగలేదు. డెస్కులో నన్ను నిఘంటువు గారు అనేవారు. అది వెటకారమని తెలిసినా లోపల సంతోషంగానే ఉండేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కంకిపాడు వైపు కంట్రిబ్యూటరు వాట్సాప్‌లో చిన్న వార్త పంపాడు. ఆ పక్క ఊళ్ళో కాలువ లాకుల దగ్గరున్న తాటిచెట్టు మీద, ఎండిన మట్టల మధ్య మానుపిల్లి పిల్లల్ని పెట్టిందట. ఊళ్ళో దాన్ని కల్లుపిల్లి అని కూడా అంటారట. ముంతల్లో కల్లు తాగి పోతుంది కాబట్టి ఆ పేరు. అక్కడి గీత కార్మికులు ఏటా ఒక చెట్టును దానికే వదిలేస్తారట. ఆ చెట్టుకు ముంత కడతారు గానీ దించరు. దాని వాటా దానికి దొరికితే మిగతా చెట్ల జోలికి రాదని వాళ్ళ నమ్మకం. ఆ సంగతి చెప్పిన గీత కార్మికుడే కంట్రిబ్యూటరు ఫోను నడుముకు కట్టుకుని చెట్టెక్కి ఫొటో తీశాడు. కొంచెం మసకగా ఉంది. నల్లటి ముసుగు వేసుకున్నట్టున్న మొహం, రెండు కళ్ళు, పొట్ట కింద రెండు పిల్లలు, మట్ట మీంచి వేలాడే నల్లటి తోక.

అసలు వార్త ఆ వదిలేసిన చెట్టే. ఇప్పుడు ఎవరు చదివినా ఆ మాటే అంటారు. నాకు మాత్రం అది చప్పగా కనిపించింది. మానుపిల్లి అంటే ఎవరికి తెలుసు, కల్లుపిల్లి అంటే పేజీకి ఏం అందం అనుకున్నాను. ఆ రెండు పేర్లూ కొట్టేసి పునుగు పిల్లి అని రాశాను.

పక్క కుర్చీలో కొత్తగా చేరిన సబ్ ఎడిటర్ అమ్మాయి ఉండేది. నెమ్మదస్తురాలు. నా స్క్రీన్ వైపు చూసి, ఫోనులో ఏదో వెతికి, నాకు చూపించింది.

“సార్, పునుగు పిల్లి తోకకు పట్టీలున్నాయండి. దీని తోక ఉత్త నలుపు. పైగా అది ఎక్కువగా నేల మీదే తిరుగుతుందట.”

తప్పు దిద్దుకోవడానికి దేవుడు నాకిచ్చిన అవకాశం అది. నేను దాన్ని ఉపన్యాసం ఇవ్వడానికి వాడుకున్నాను. అమ్మా, ఈ జాతి మొత్తానికీ పేర్లు ఎలా వచ్చాయో తెలుసా అని మొదలుపెట్టాను. పునుగు అన్నది ముందు ఆ సుగంధానికి పేరు, తర్వాతే జంతువుకు. మనకూ తమిళులకూ కన్నడిగులకూ ఆ మాట ఒకటే. జవ్వాజి అనేది అరబ్బీ మాట నుంచి వచ్చిందంటారు. అదే మాట పడమటి ఓడెక్కి, ఇటలీ మీదుగా పోయి ఇంగ్లీషులో సివెట్ అయింది. ఇంగ్లీషువాళ్ళు టాడీ క్యాట్ అనేదీ ఈ కల్లుపిల్లినే. ఆ టాడీ కూడా మన తాడిచెట్టు చుట్టమే. మాను మీద ఉంటుంది కాబట్టి మానుపిల్లి. పేర్లన్నీ పిల్లివే గానీ అసలు ఇవి పిల్లులే కావు, ముంగిసకు దగ్గరి బంధువులు. పిల్లి కానిదాన్ని లోకమంతా పిల్లి అంటోంటే నేను పునుగు అంటే తప్పేముంది అని ముగించాను.

నేను చెప్పిన పేర్ల పుట్టుక అంతా నిజమే. ఒక్క అక్షరం తప్పు లేదు. జంతువు మాత్రం అది కాదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు కూర్చున్నాను. ఆ అమ్మాయి సరేనండి అని తన పనిలో పడింది.

అంతటితో ఆగినా బాగుండేది. వార్త పక్కన చట్రంలో అదనపు సమాచారంతో ఒక బాక్సు కట్టాను. పునుగు అంటే ఏమిటి, తోక కింద గ్రంథిలో అది ఎలా ఊరుతుంది, బోనులో గంధపు చెక్క నిలబెడితే జంతువు దానికి ఎలా రాసుకుంటుంది, దాన్ని గీకి తీసి దేవుడి అభిషేకానికి ఎలా వాడతారు. అన్నీ నా పాత కాయితాల్లోంచి తీసి వరసగా రాశాను. చివర్లో రక్తి కట్టడానికి ఇంకో వాక్యం వేశాను. పూర్వం కొన్ని దేశాల్లో సన్నని చెంచాతో గ్రంథిని నొక్కి తీసేవారట అని. ఆ వాక్యం లేకపోయినా బాక్సుకు లోటేమీ లేదు. ఒక లైను ఖాళీ మిగిలిందని వేశాను.

కృష్ణా తీరాన పునుగు పరిమళం అని హెడ్డింగ్ పెట్టాను. ఊరి పేరు, లాకుల దగ్గర చెట్టు అన్న వివరం అలాగే ఉంచాను. వివరం ఉంటేనే వార్తకు ప్రాణం అని నేనే అందరికీ చెప్పేవాణ్ణి. ఎడిషన్ ఇన్‌చార్జి వచ్చి నా భుజం తట్టి, నిఘంటువు గారూ, ఇవాళ పేజీ గుబాళించింది అన్నాడు.

మర్నాడు కంట్రిబ్యూటరు ఫోన్ చేశాడు. లాకుల దగ్గర తిరునాళ్ళలా ఉందన్నాడు. మంగళగిరి నుంచి, ఇబ్రహీంపట్నం నుంచి కూడా బళ్ళేసుకుని వస్తున్నారట. కొందరు పునుగు ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారట. అతని గొంతులో భయం ఉంది. నేను దాన్ని ఉత్సాహమనుకున్నాను. మంచి స్పందన, ఇంకో వార్త పంపు అన్నాను. ఈ మాట రాస్తుంటే నాకే నమ్మకం కలగడం లేదు. కానీ అన్నాను.

వార్త వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం ఆఫీసు రిసెప్షన్‌లో ఎవరో నాకోసం వచ్చారన్నారు. వెళితే ఆ గీత కార్మికుడు కూర్చుని ఉన్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. చెట్లెక్కి ఎక్కి అరికాళ్ళు, ముంజేతులు కాయలు కాచిపోయి ఉన్నాయి. ఒళ్ళో వెదురుబుట్ట, దాని మీద తడి తువ్వాలు. బస్సులో కంకిపాడు నుంచి వచ్చానన్నాడు. తువ్వాలు తీసి చూపించాడు. లోపల రెండు పిల్లలు. గుప్పిట్లో పట్టేంత ఉన్నాయి. నోళ్ళు తెరుస్తున్నాయి గానీ అరుపు రావడం లేదు.

క్రితం రోజు తెల్లారేసరికి తల్లి చెట్టు మీద లేదట. ఎవరో వల వేసి పట్టుకుపోయారు. ఫారెస్టువాళ్ళకు చెప్పాడు. వాళ్ళు వచ్చి అడిగితే ఊళ్ళో ఎవరూ నోరు విప్పలేదు. పిల్లల్ని తీసుకెళ్ళడానికి రేపో ఎల్లుండో మనిషిని పంపుతామని, అప్పటిదాకా పాలు పట్టమని చెప్పి పోయారట. దూదితో పాలు పిండుతుంటే పిల్లలు తాగడం లేదట. ఇవన్నీ చెప్పి, తను వచ్చిన పని చెప్పాడు.

“పట్టుకుపోయినోళ్ళు పునుగు కోసం పట్టుకుపోయారండి. ఇది అది కాదని పేపర్లో ఒక్క ముక్క రాయండి. చూసుకుని వదిలేస్తారు. తల్లి వస్తే ఇవి బతుకుతాయి.”

నేను అప్పుడైనా తల దించుకోవాల్సింది. అలవాటు ఎక్కడికి పోతుంది? పునుగు అనే పేరును ఈ జాతి మొత్తానికీ వాడటం ఉందని, ఆ పేరు ఎలా పుట్టిందంటే అని మొదలుపెట్టాను. అతను మర్యాదగా సగం దాకా విన్నాడు.

“పేరు యాడ పుట్టిందో నాకు తెలవదండి. ఇది మా చెట్టు మీద పుట్టింది. భయపెడితే కంపు కొట్టుద్ది తప్ప దీనికి పరిమళం లేదు. మా తాత కాడి నుంచీ చూస్తన్నాం.”

ఆ మాటతో నా ఉపన్యాసం ఆగిపోయింది. సవరణ వేస్తానని మాటిచ్చి పంపాను. అతను రెండు చేతులా దణ్ణం పెట్టి, బుట్ట మీద మళ్ళీ తువ్వాలు కప్పుకుని వెళ్ళాడు. ఆ దణ్ణం నాకు ఇప్పటికీ భరించరానిదిగా ఉంటుంది.

లోపలికెళ్ళి ఇన్‌చార్జికి చెప్పాను. ఆయన నవ్వాడు. మనుషుల పేర్లు తప్పు పడితేనే సవరణ వేయడానికి ఆలోచిస్తాం, పిల్లి వచ్చి పరువునష్టం దావా వేస్తుందా ఏమిటండీ అన్నాడు. నేను కూడా నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. చివరికి నాలుగు లైన్లు రాయండి, చోటుంటే చూద్దాం అన్నాడు. రాయడంలోనూ నా బుద్ధి నన్ను వదల్లేదు. తప్పు రాశాం అనడానికి చెయ్యాడక, మరికొంత సమాచారం అన్నట్టుగా రాశాను. ఆ అమ్మాయి చదివి, నా వైపు ఒకసారి చూసి, మొదటి వాక్యం తనే మార్చింది. అది పునుగు పిల్లి కాదు, మానుపిల్లి, దానికి పునుగు ఉండదు. ఇంతే. అంత సూటిగా ఆ పేజీలో నేనెప్పుడూ ఏదీ రాయలేదు.

ఆ సాయంత్రం ఏదో వెంచరువాళ్ళ ప్రకటన పేజీ అంతా వచ్చి పడింది. చిన్న చిన్న వార్తలన్నీ మర్నాటికి వాయిదా పడ్డాయి. నా నాలుగు లైన్లూ వాటితోనే పోయాయి. ఇన్‌చార్జితో పోట్లాడితే ఎక్కడో ఒక మూల ఇరికించేవాడే. నేను పోట్లాడలేదు. ఒక్క రోజేగా అనుకున్నాను. సంచి భుజాన వేసుకుని బస్సెక్కి ఇంటికి పోయాను.

సవరణ ఆ మర్నాటి పేజీకి ఎక్కి, ఆపై రోజు పొద్దున జనం చేతికి వెళ్ళింది. ఆ పొద్దునే ఎనిమిదింటికి కంట్రిబ్యూటరు ఫోన్ చేశాడు. మీరు రావాలండి అన్నాడు. ఏమైందని అడిగేలోపే ఫోన్ పెట్టేశాడు.

కంకిపాడు సెంటర్లో బస్సు దిగితే అతను బండి మీద ఉన్నాడు. దారిలో విషయం చెప్పాడు. ఊళ్ళో పెద్దరైతు ఒకాయన తానే అతనికి ఫోన్ చేశాడట. సవరణ చదివి చేశాడట. జంతువు తన దగ్గరే ఉందని ఒప్పుకున్నాడట. అయితే బతికే ఉందన్నమాట అని నేను గట్టిగానే అన్నాను. అతను బండి వేగం పెంచాడు.

ఆ రైతుకు డెబ్బయ్యేళ్ళు. తెల్లటి పంచె, నుదుట తిరునామం. మమ్మల్ని చూసి లేచి నిలబడి, పెరట్లోకి తీసుకెళ్ళాడు. కోళ్ళ బోను ఒకటి శుభ్రంగా కడిగి, దానికి మామిడాకుల తోరణం కట్టి ఉంది. లోపల నిలువుగా పాతిన గంధపు చెక్క. వెండిగిన్నెలో పాలు, పక్కన ఒలిచిన అరటిపళ్ళు. ఏవీ ముట్టినట్టు లేవు. గంధపు చెక్కకు అవతల, గోడకు మొహం పెట్టుకుని ఆ జంతువు పడి ఉంది. నల్లటి తోక. ఒక్క పట్టీ లేదు. తోక కింద చూసి నేను మొహం తిప్పుకున్నాను. ఈగలు ముసురుతున్నాయి.

మొహం తిప్పుకుంటే ఎదురుగా గోడ. గోడకు నా బాక్సు అంటించి ఉంది. ఎర్ర సిరాతో కింద గీతలు గీసి ఉన్నాయి. బోను కింద ఒక గీత. గంధపు చెక్క కింద ఒక గీత. చివరి వాక్యం కింద, ఖాళీ మిగిలిందని నేను వేసిన ఆ వాక్యం కింద, రెండు గీతలు.

ఆయన నన్ను తిట్టడానికి పిలవలేదు. తనకు తాను చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. ఊరి వెంకటేశ్వరస్వామి గుడిలో శుక్రవారం అభిషేకానికి పునుగు సమర్పించాలని కోరికట. తన పొలం గట్టు పక్కనే స్వామి పంపించాడనుకున్నాడట. మనుషుల్ని పెట్టి జాగ్రత్తగా పట్టించాడట.

“మీరు రాసినట్టే చేశానండీ. చెక్క పెట్టాను, రాసుకోలేదు. అప్పుడు చెంచా సంగతి రాశారు కదా అని, మా దేవుడి గదిలో ఉద్ధరిణెతో చేశాను. మూడు రోజులు చేశాను. పునుగు రాలేదు, కంపు వచ్చింది. స్వామి నా భక్తిని పరీక్షిస్తున్నాడనుకున్నాను.”

ఉద్ధరిణె అక్కడే కిటికీ అంచు మీద ఉంది. తీర్థం పోసే ఉద్ధరిణె. కడిగి బోర్లించి పెట్టాడు.

పంచె చెంగుతో కళ్ళు తుడుచుకుని ఆయన ఇంకో మాట అన్నాడు. “తెల్లారుజామున పోయిందండీ. ఈ నాలుగు ముక్కలూ నిన్ననే వేసుంటే నిన్ననే వదిలేసేవాణ్ణి. నిన్న లేచి తిరిగింది.”

ఫారెస్టువాళ్ళు వచ్చారు, పంచనామా రాశారు, ఆయన మీద కేసు పెట్టారు. అడిగిన ప్రతి ప్రశ్నకూ తప్పు తనదేనన్నాడు. పేపరు మాట ఎత్తలేదు. గోడ మీది కాయితాన్ని వాళ్ళు వచ్చేలోపే తనే చింపి మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. ఆ బాక్సు రాసింది నేనేనని అక్కడ ఒక్కసారైనా అని ఉండాల్సింది.

పిల్లల్ని కూడా వాళ్ళే తీసుకెళ్ళారు. ఒకటి బతికిందని తర్వాత విన్నాను. రెండోదాని సంగతి అడగలేదు.

ఆఫీసుకు వచ్చి జరిగింది చెబితే ఇన్‌చార్జి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తర్వాత, ఇది చాలా బలమైన ఫాలో అప్ అండీ, మీరే రాయండి అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. మా వృత్తిలో దుఃఖం కూడా ముందు అలాగే కనిపిస్తుంది. నేను రాయనన్నాను. అన్నేళ్ళలో ఒక వార్త రాయనని చెప్పడం అదే మొదలు. ఆ అమ్మాయి నేను చెప్పానా అన్న మాట అనలేదు. అంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ వారంలోనే ఆదివారం నాడు నేను మళ్ళీ ఆ ఊరు వెళ్ళి గీత కార్మికుణ్ణి కలిశాను. అతను చెట్టు దిగి, మోకు భుజాన వేసుకుని వచ్చాడు. తప్పు నాదేనని, అందరిముందూ చెప్పలేకపోయానని, సవరణ ఆలస్యం కావడం కూడా నా చేతకానితనమేనని అన్నీ చెప్పేశాను. అతను తిట్టాలని కోరుకున్నాను. అతను మోకు భుజం మీంచి దించి కింద పెట్టాడు.

“మీరు చూడలేదు కదండీ, రాశారు. నేను చూసి కూడా చూపించాను. నాదే పొరపాటు.”

చేసినవాడు తనదే తప్పన్నాడు. చూపించినవాడు తనదే తప్పన్నాడు. నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. శిక్షల్లో ఇంతకంటే పెద్దది ఉంటుందని నేననుకోను.

ఆ తర్వాత ఏడాదికి నేను రిటైరయ్యాను. మళ్ళీ ఎండాకాలం వచ్చినప్పుడు కంట్రిబ్యూటరు పలకరింపుగా ఫోన్ చేశాడు. లాకుల వైపు వెళ్ళానని, ఈ ఏడు కల్లుపిల్లి ఏమైనా వచ్చిందా అని ఆ గీత కార్మికుణ్ణి అడిగానని చెప్పాడు. చివరి తాటిచెట్టుకు ముంత కట్టి ఉందట. సాయంత్రమయినా దించలేదట. మట్టల్లో ఏదో కదిలినట్టు కూడా అనిపించిందట.

మరి అతనేమన్నాడు అని అడిగాను.

“ఏం లేవండి, అవి ఈ వైపు రావడం మానేశాయి అన్నాడండి. నా మొహం చూసే చెప్పాడు.”

ఎదుటివాడి చేత నిజం చెప్పించి అచ్చువేయడమే పనిగా బతికినవాణ్ణి నేను. ఆ అబద్ధం విని ఎంత ఊపిరి పీల్చుకున్నానో చెప్పలేను. సరే, నువ్వు కూడా అదే చెప్పు, అడిగినవాళ్ళందరికీ అదే చెప్పు అని ఫోన్ పెట్టేశాను.